తాపీ సంచే సర్టిఫికెట్టు

పొద్దున ఆరు దాటిందంటే హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, లింగంపల్లి, ఎల్‌బీ నగర్ వైపు కూలీల అడ్డాలు నిండుతాయి. బండి ఆపిన మనిషి అడిగే మాట ఒక్కటే: "సుతారా, కూలా?" జవాబు వచ్చేలోపే అతని చూపు అవతలివాడి భుజానికున్న సంచి మీద పడుతుంది. సంచిలోంచి తాపీ పిడో రసమట్టం కొనో కనబడితే సుతారి, వట్టి చేతులైతే కూలి. ఆనాటి ధర ఆ చూపుతోనే తేలిపోతుంది. ఎన్నేళ్ళ నుంచి ఈ పనిలో ఉన్నావు, ఎవరి దగ్గర నేర్చుకున్నావు అని ఎవరూ అడగరు. అడిగినా తీసి చూపించడానికి ఏ కాగితమూ ఉండదు.

పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) మనిషికి ఈ సంగతి తాతల నాటిది. ముంబయిలోని కామాటిపుర పేరు వినని తెలుగువాడు ఉండడు. ఆ పేరు కామాటీలది. తెలుగు పల్లెల నుంచి వెళ్ళి ఆ నగరం కట్టుబడిలో చేరిన జనం వాళ్ళు. ఇవాళ ఆ పేట లోకానికి తెలిసింది వేరే సంగతులతో. ఇటుక మోసి ఆ పేరు మిగిల్చి వెళ్ళినవాళ్ళ ఆనవాలు రాతకోతల్లో పెద్దగా లేదు.

కృష్ణా నది తెలంగాణలో అడుగు పెట్టేది పాలమూరు నేలలోని నారాయణపేట జిల్లాలోనే, తంగిడి దగ్గర. నది గడప తొక్కిన ఆ జిల్లాలోనే చేలకు నీళ్ళు లేక జనం ఊళ్ళు దాటారు. కోస్గి, మద్దూరు, మక్తల్ చుట్టుపక్కల వానాకాలం పంట ఇంటికి చేరితే చేరినట్టు, లేకుంటే లేదు. ఆ తర్వాత గుంపు మేస్త్రీ వస్తాడు. అడ్వాన్సు చేతిలో పెడతాడు. మొగుడూ పెళ్ళాలను జంటగా లెక్కగట్టి పుణెకో ముంబయికో బెంగళూరుకో తీసుకుపోతాడు. జూరాల, భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి నీళ్ళు అందిన చోట్ల ఈ వలస తగ్గింది. అందని చోట తాళం వేసిన ఇళ్ళు, మనవల్ని చూసుకుంటూ కూర్చున్న ముసలివాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. నారాయణపేట–కొడంగల్ ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన జరిగింది 2024 ఫిబ్రవరిలో.

ఈ వలసలో జనం కష్టం గురించి చాలామంది రాశారు. అందులో దాగిన చదువు గురించి రాసింది తక్కువ. మొదటి ఏడాది తట్ట మోత. తర్వాత మాలు కలపడం: గోడకు ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ళ ఇసుక, నాలుగున్నర అంగుళాల పలుచటి గోడకైతే నాలుగు పాళ్ళు, నీళ్ళు ఎంత పడాలో చేతికి తెలియాలి. ఇటుకలు నానబెట్టకుండా పేరిస్తే మాలులోని తడంతా పీల్చేస్తాయని, ఆ గోడ నిలవదని మేస్త్రీ తిట్ల ద్వారా తెలుస్తుంది. మధ్యాహ్నం మేస్త్రీ బువ్వ తిని నడుం వాల్చిన వేళ తాపీ అందుకుని రెండు వరుసలు పేర్చి చూసుకోవడం, అతను లేచి చూసి కాలితో తన్నేస్తే మళ్ళీ పేర్చడం. చివరి పరీక్ష మూల ఎత్తడం. గుండు దారం పట్టి రెండు గోడలు కలిసే మూలను నిట్టనిలువుగా లేపగలిగితే, ఆ మూల నుంచి ఈ మూలకు దారం కట్టి నడిమి గోడను ఎవరిచేతనైనా పేర్పించవచ్చు. మూల ఎత్తినవాడే మేస్త్రీ. నాలుగైదేళ్ళ ఈ చదువుకు బడి లేదు, పంతులు లేడు, పట్టా లేదు.

ఇటు కంపెనీలేమో పనివాళ్ళు దొరకడం లేదంటున్నాయి. 2025 ఫిబ్రవరిలో ఎల్ అండ్ టీ అధిపతి ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ ఒక లెక్క చెప్పారు. తమకు నాలుగు లక్షల మంది కార్మికులు కావాలని, వచ్చినవాళ్ళు నిలవక ఏడాదిలో 16 లక్షల మందిని చేర్చుకోవాల్సి వస్తోందని అన్నారు. సర్కారు పథకాల వల్ల జనం ఊళ్ళు వదిలి రావడం లేదన్నది ఆయన వాదన. ఆ లెక్కనే ఇంకోలా చదవచ్చు. 16 లక్షల మంది వచ్చారంటే రానివాళ్ళు కారు, ఉండలేనివాళ్ళు. మూడు నెలలకోసారి మనిషి మారిపోయే సైటులో మూల ఎత్తడం ఎవరు నేర్పుతారు, ఎవరు నేర్చుకుంటారు?

హైదరాబాద్ ఎవరి చేతుల మీద లేస్తోందో 2020 మే 1న దేశమంతా చూసింది. లాక్‌డౌన్‌లో మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో బయల్దేరింది. పాలమూరువాడు ముంబయిలో, జగిత్యాలవాడు దుబాయిలో, జార్ఖండ్‌వాడు గచ్చిబౌలిలో. ఎవరి ఊళ్ళో వాళ్ళకు గిట్టుబాటు లేదు. పరాయి ఊళ్ళో అందరూ "లేబరే".

నేర్పే ఏర్పాట్లు అసలు లేవని కాదు. హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, అందరూ న్యాక్ అనేది, 1998లోనే వెలిసింది. తాపీ పని, కడ్డీల పని, ప్లంబింగ్ నేర్పి కుర్రాళ్ళను బయటికి పంపుతోంది. 2015లో వచ్చిన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, ముందే పని వచ్చినవాళ్ళను పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. ఇరవై ఏళ్ళ సుతారిని మళ్ళీ బడిలో కూర్చోబెట్టకుండా, పన్నెండు గంటల పాటు నాలుగు మాటలు చెప్పి, అతని చేత గోడ కట్టించి చూసి, పట్టా ఇస్తారు. ఆలోచన మంచిదే. 2016–20 విడతలో పాసైనవారికి 500 రూపాయలు కూడా ఇచ్చారు. పని మానుకుని వచ్చిన సుతారికి అది ఒక పూట కూలికి సరిపోతే సరిపోతుంది. మర్నాడు పట్టా జేబులో పెట్టుకుని అడ్డా మీద నిలబడితే ధర పది రూపాయలైనా పెరగదు. బండి మీద వచ్చిన మనిషి చూసేది సంచినే.

ఈలోగా పనే మారిపోతోంది. ముప్పై నలభై అంతస్తుల భవనాలకు మైవాన్ షట్టరింగ్ వచ్చింది. అల్యూమినియం పలకలు బిగించి గోడా స్లాబూ ఒకేసారి కాంక్రీటుతో పోసేస్తారు. ఇటుక వరస లేదు, గిలాబు అక్కర పెద్దగా లేదు. మూల ఎత్తే విద్య అక్కడ చెల్లదు. మిగతా చోట్ల లైట్‌వెయిట్ బ్లాకులు, వాటిని అతికించే జిగురు మాలు. ఊళ్ళో మేస్త్రీ అనిపించుకున్న నడివయసు మనిషి ఆ సైటులో హెల్పరుగా చేరి పలకలు మోస్తాడు. కంపెనీలు లేరంటున్నది ఈ కొత్త పని వచ్చినవాళ్ళ గురించి. వాళ్ళను తయారు చేసే బాధ్యత తమదని మాత్రం చాలా కంపెనీలు అనుకోవు. పనివాడు కాగితం మీద సబ్‌కాంట్రాక్టరు మనిషి, ఆ కాంట్రాక్టరుకు గుంపు మేస్త్రీ మనిషి.

కాగితానికి నిజంగా విలువున్న చోటు ఒకటుంది. అది దేశం బయట. పదో తరగతి పాసు కానివాడి పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కిందకు వస్తుంది. గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. ఏజెంటు "లేబర్" వీసా చేతిలో పెడితే, ఇక్కడ మేస్త్రీగా బతికినవాడు అక్కడ దిగాక హెల్పరు జీతానికే పని చేయాలి. సౌదీ కొన్ని వృత్తులకు మన దేశంలోనే ముందుగా పరీక్ష పెట్టి, పాసైనవారినే రానిస్తోంది. 2024 మేలో ఇజ్రాయెల్ కోసం హైదరాబాద్‌లో ఎంపికలు జరిగాయి. షట్టరింగ్, కడ్డీలు వంచడం, టైల్స్, ప్లాస్టరింగ్ పనులు చేయించి చూశారు. నెలకు లక్ష దాటిన జీతం. ఆ దేశంలో యుద్ధం నడుస్తోందని తెలిసీ ఉత్తర తెలంగాణ కుర్రాళ్ళు వరుస కట్టారు. పరీక్ష పాసైతే జీతం మారుతుందని వాళ్ళకు తెలుసు. మన సైటుల మీద కరువైంది ఆ నమ్మకమే.

సంక్షేమానికి కూడా కాగితమే అడ్డు. 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల కోసం ఖర్చు పెట్టాలన్నది ఏర్పాటు. 2025 నవంబరులో అది కొత్త కార్మిక స్మృతుల్లో కలిసింది. కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు కావాలంటే ఏడాదిలో 90 రోజులు కట్టడం పని చేసినట్టు చూపాలని ఆ చట్టంలో నియమం. రోజుకో యజమాని దగ్గర, నెలకో ఊళ్ళో పని చేసేవాడికి ఆ 90 రోజులకు సాక్షి ఎవరు? ముంబయి సైటులో చేసిన పనికి కోస్గిలో సంతకం పెట్టేదెవరు?

పనివాళ్ళకు ఇంత కరువున్నా ఎవరూ లెక్కలోకి తీసుకోని చేతులు ఉన్నాయి. పాలమూరు గుంపులో సగం ఆడవాళ్ళే. పదిహేనేళ్ళు తట్ట మోసినా, మాలు కలిపినా ఆడమనిషి చేతికి తాపీ రాదు. మేస్త్రీ నిద్రపోయే మధ్యాహ్నం ఆమె పొయ్యి దగ్గరో, చీర ఉయ్యాలలోని బిడ్డ దగ్గరో ఉంటుంది. ఆమెకు పాఠం తప్పేది అక్కడే. సమాన పనికి సమాన వేతనమని 1976లోనే చట్టం వచ్చినా ఆమెకు అందలేదు. ఆమెను ఎప్పటికీ కూలి దగ్గరే ఆపేస్తే సమాన పని అన్న మాటే రాదు. మేస్త్రీల కొడుకులు డెలివరీ బండ్లు ఎక్కుతున్నారు, క్యాబులు నడుపుతున్నారు. ఇటుక తడి, మాలు చిక్కదనం తెలిసి, ఇంకా సైటు మీదే ఉన్న మనిషి ఆమే. ముందు ఆమెకు తాపీ ఇవ్వకుండా పనివాళ్ళు లేరనడం, ఇంట్లో ధాన్యం ఉంచుకుని పొరుగింటికి అప్పుకు పోవడమే.

చేయాల్సింది చేతకానిదేమీ కాదు. పరీక్ష సైటు మీదికే రావాలి, ఆ పూట కూలి పోకూడదు. సర్కారీ పనుల టెండర్లలో ఇంతమంది పట్టా ఉన్న పనివాళ్ళుండాలని, వాళ్ళకు నైపుణ్యం ఉన్నవారి రేటే ఇవ్వాలని రాస్తే కాగితానికి ధర వస్తుంది. ఊరికి తిరిగి వచ్చినవాడి పని రోజులను పంచాయతీలో నమోదు చేస్తే 90 రోజుల సాక్ష్యం దొరుకుతుంది. సెస్సు సొమ్ముతో నేర్పే పని జరిగితే, అందులో మొదటి బ్యాచి తట్టలు మోసే ఆడవాళ్ళదే కావాలి.

పదిన్నరకల్లా అడ్డా పలచబడుతుంది. సంచి ఉన్నవాళ్ళు అప్పటికే వెళ్ళిపోయి ఉంటారు. తలకు చుట్టిన తువ్వాలు విప్పి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు టీ బండి నీడకు జరుగుతారు. ఆఖరుగా వచ్చిన బండి వాళ్ళ ముందు ఆగుతుంది. ఈసారి ప్రశ్న కూడా ఉండదు. వాళ్ళకు సంచి లేదుగా.