పగడానికి బుడిపె లేచింది!

"వదినా, నా పగడానికి ఏదో బుడిపె లేచింది. నిద్ర పట్టడంలేదు."

ఇది అర్ధరాత్రి దాటాక మా మరదలు అమెరికా నుంచి చేసిన ఫోను. నిద్రమత్తులో నాకు ముందు తట్టింది తన మెళ్ళో నల్లపూసల మధ్య ఉండే పగడం! "తాకట్టు కొట్టువాడి దగ్గర ఏదైనా ఆసిడ్ తగిలిందేమో, అగసాలికి చూపించు" అన్నాను. అవతల ఒక్క నిమిషం నిశ్శబ్దం. తర్వాత నవ్వు. ఆ నవ్వులో ఏడుపు కూడా ఉంది.

తను చెప్పింది ఇంట్లో అద్దాల తొట్టిలో పెంచుకుంటున్న బతికున్న పగడాల గురించి!

మా తమ్ముడు ఉద్యోగానికి పొద్దున్నే వెళితే మళ్ళీ చీకటి పడ్డాకే. వీసా కారణంగా తను అక్కడ ఉద్యోగం చేయడానికి లేదు. ఎమ్మెస్సీ చదివిన పిల్ల. మొదటి ఏడాది గోడలు చూస్తూ గడిపింది. ఇండియాకి తిరిగొచ్చేస్తున్న స్నేహితురాలు పోతూ పోతూ తన ఉప్పునీళ్ళ తొట్టిని ఈమెకిచ్చి వెళ్ళింది. చేపలు రెండే, మిగతావన్నీ పగడాలు. నాలుగేళ్ళుగా అదే ఆమె లోకం. "అన్నం మాడినా మీ మరదలికి పట్టదు, ఆ తొట్టిలో ఉప్పు కాస్త అటూ ఇటూ అయితే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తుంది" అని మా తమ్ముడు నాతో వాపోతుంటాడు. వాడికేం తెలుసు! పగలంతా పలకరించే ప్రాణి ఒకటి ఇంట్లో ఉండాలనుకోవడం తప్పా?

ఇంతకీ పగడమంటే రాయి అనుకునేదాన్ని నేను. మీలోనూ చాలామంది అలాగే అనుకుంటుంటారు. కాదట. అది జంతువు! సూదిమొన కన్నా కాస్త పెద్దగా ఉండే వేలాది చిన్న చిన్న జీవులు ఒకదాన్నొకటి అంటుకుని కాపురముంటాయి. అన్నీ కలిసి కింద సున్నంతో ఇల్లు కట్టుకుంటాయి. మన కంటికి కనబడే కొమ్మ, రెమ్మ అంతా ఆ సున్నపు అస్థిపంజరమే. దాని మీద కప్పిన పల్చటి చర్మంలో మన కంటికి ఆనని నాచు ఉంటుంది. ఆ నాచు వెలుతురుతో వంట చేసి పగడానికి పెడుతుంది, పగడం దానికి నీడనిస్తుంది. రంగు కూడా ఎక్కువగా ఆ నాచుదే. సముద్రం వేడెక్కితే నాచు వెళ్ళిపోతుంది, పగడం తెల్లబోతుంది. 1998లోనూ, 2010లోనూ, 2014-17 మధ్యా ప్రపంచమంతటా అలా తెల్లబోయాయి. నాలుగోసారి మొదలైందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. (మన మెళ్ళో ఎర్రపగడం వేరే జాతి. అది ఎక్కువగా మధ్యధరా సముద్రంలో దొరికేది. దానికి ఈ నాచుతో పనిలేదు.)

సరే, ఆ రాత్రి వీడియోలో చూపించింది. గోధుమరంగు కొమ్మ మొదట్లో తెల్లగా, నున్నగా ఒక గడ్డ. "సంక్రాంతికి పెసరగింజంత ఉండె వదినా. శివరాత్రికి మొక్కజొన్న గింజంత. ఇప్పుడు చూడు, ఉసిరికాయంత! పక్క కొమ్మ మీద ఇంకోటి లేస్తా ఉంది. అన్ని కొమ్మల చివర్లూ తెల్లబడతా ఉండాయి. ఎవర్నడిగినా తలా ఒక మాట చెప్తున్నారు. ఒకరు కోసి పారెయ్యమంటారు, ఒకరు మందు పొయ్యమంటారు, ఒకరు తొట్టి మొత్తం ఖాళీ చెయ్యమంటారు."

నాకేం తెలుసని నన్నడిగినట్టు? ఎప్పుడో నెల్లూరులో బీయస్సీ కెమిస్ట్రీ వెలగబెట్టాను. అనుమసముద్రంపేటలో కాపురం. సముద్రం ఊరి పేరులోనే ఉంది గానీ చూడాలంటే నెల్లూరు దాటి పోవాలి! అయినా నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట: "నీళ్ళు పరీక్ష చేశావా?"

ఆ మాట ఊరికే రాలేదు.

మా అమ్మమ్మది ఉదయగిరి కొండ కనబడే పల్లె. నాకు ఊహ తెలిసేటప్పటికే ఆమె నడుము వంగిపోయింది. మెడ తిప్పలేక, ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగేది. పీట మీద కూర్చోలేక, నిలబడే రోట్లో పచ్చడి నూరేది. "వయసు" అన్నారు కొందరు. "వాతం" అన్నారు కొందరు. మా పేట దర్గాకు ఎక్కడెక్కడి నుంచో జబ్బుపడ్డవాళ్ళు వస్తారు కదా, అమ్మమ్మా వచ్చేది. గురువారం రాత్రి నిద్ర చేసి, మా ఇంట్లో రెండు రోజులుండి పోయేది. ఆమె తాగే బోరు నీళ్ళల్లో ఏముందో చూద్దామని ఎవరికీ తోచలేదు. పిల్లల పళ్ళ మీద గార చారలు మాత్రం అందరికీ కనబడుతూనే ఉండేవి.

ఫ్లోరైడ్! ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముక మీద కొత్త ఎముక పేరుకుంటుంది, వెన్నుపూసల మధ్య నరంలాంటి కట్లు కూడా గట్టిపడిపోతాయి. మన దేశంలో ఈ జబ్బును మొట్టమొదట వైద్య పత్రికల్లోకి ఎక్కించింది మన నెల్లూరు జిల్లా నుంచే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు రాశారు. 1970లో ప్రకాశం జిల్లా విడిపోకముందు కనిగిరి, పొదిలి వైపంతా నెల్లూరులోనే ఉండేది లెండి. అంతకుముందే ఎద్దులు కీళ్ళు పట్టేసి లేవలేకపోవడం రైతులు కనిపెట్టారంటారు. అంటే మా అమ్మమ్మ పుట్టేనాటికే ఆ సంగతి అచ్చులో ఉంది. ఆమె దాకా మాత్రం రాలేదు.

అందుకే 'అస్థిపంజరం వంకరగా పెరుగుతోంది' అంటే నాకు ముందు నీళ్ళే గుర్తొస్తాయి.

"చేశా వదినా, అంతా బాగానే ఉంది" అంది మరదలు. నోటుపుస్తకం తెచ్చి చదివింది. కాల్షియం లీటరుకి 420 మిల్లీగ్రాములు. సముద్రంలోనూ దాదాపు అంతే. ఉప్పు వెయ్యికి 35 పాళ్ళు. వేడి 26 డిగ్రీలు. ఆల్కలినిటీ 8. ఈ ఆల్కలినిటీ అంటే నీళ్ళలో కార్బొనేట్ల లెక్క. మన బిందెల అడుగున తెల్లగా పెచ్చు కట్టే సరుకు ఉందే, దానికి చుట్టమే. పగడం ఇల్లు కట్టుకోవడానికి ఇసుకా సిమెంటూ ఇవే. సముద్రంలో ఇది దాదాపు 7 డిగ్రీలు ఉంటుంది. తొట్టిలో పగడాలు వాడేసుకుంటాయి కాబట్టి రోజూ కొంచెం కొంచెం పోస్తుండాలి.

"ఈమధ్య ఏమన్నా మార్చావా?"

"పోసేది కొంచెం పెంచా. ఎంత పోసినా 8 దాటడంలేదని."

అక్కడే నాకు అనుమానమొచ్చింది. అమ్మలూ, మనం కాలేజీలో చేసిన టైట్రేషన్ గుర్తుందా? రంగు మారేదాకా చుక్కలు లెక్కపెట్టడం? వీళ్ళ పరీక్షా అదే. గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు తీసుకుని ఆసిడ్ చుక్కలు వేస్తారు, రంగు మారేటప్పటికి ఎన్ని పడ్డాయో అంత ఆల్కలినిటీ.

"ఆ సీసా ఎప్పటిది? మూత బిగువుగా ఉందా?"

సీసా తెచ్చి చూపించింది. గడువు దాటి ఏడాది! మూత చిట్లి ఉంది. అందులో నీళ్ళు ఆవిరైపోతే ఆసిడ్ చిక్కబడుతుంది. చిక్కటి ఆసిడ్ తక్కువ చుక్కలకే రంగు మార్చేస్తుంది. తక్కువ చుక్కలంటే తక్కువ అంకె. తక్కువ ఉందని మనం ఇంకా పోస్తాం! మర్నాడు అంగడికి నీళ్ళు తీసుకెళ్ళి కొత్త సీసాతో చూపిస్తే 12 దాటింది. నాలుగు నెలలుగా ఆ పిల్ల లేని కొరతకు మందు పోస్తూ వచ్చింది.

కొమ్మల చివర్లు తెల్లబడ్డానికి కారణం అదే. ఆల్కలినిటీ ఎక్కువై, నీళ్ళలో పోషకాలు తక్కువైతే సున్నం పెరిగినంత వేగంగా చర్మం పెరగలేదు. చివర్లు కాలినట్టవుతాయి. దాన్ని ఒక్కరోజులో దించేస్తే పగడం తట్టుకోలేదు. పోయడం ఆపేసి, రోజుకు అర డిగ్రీ చొప్పున అదే దిగేలా వదిలేయాలి. పది రోజులకు ఎనిమిదిన్నరకు వచ్చింది.

మరి బుడిపెలో? అవి ఆల్కలినిటీ వల్ల లేచేవి కావట. ఒక జబ్బుకు కారణం దొరికిందని అన్నిటినీ దాని నెత్తినే రుద్దకూడదు. ఈ పొరపాటు మనం ఇంట్లో మనుషుల విషయంలోనూ చేస్తుంటాం.

రాత్రి లైట్లార్పి, ఎర్ర టార్చి, భూతద్దం పెట్టి చూడమన్నాను. (ఇది నా తెలివి కాదు, ఆమె దగ్గరున్న పుస్తకంలోదే. భయంలో మర్చిపోయింది.) రెండు గడ్డలూ ఒకటి కాదని అప్పుడు తెలిసింది. పక్క కొమ్మ మీద లేస్తున్న చిన్నదానికి నడుమ ఒక రంధ్రం. దాని లోంచి సాలెపట్టు లాంటి జిగురు దారాలు సాగుతున్నాయి. వర్మెటిడ్ అనే నత్త అది! గొట్టం కట్టుకుని కదలకుండా కూర్చుని, జిగట వల విసిరి తింటుంది. దాని గొట్టం చుట్టూ పగడం ఎత్తుగా పెరుగుతుంది. అంటే అది గడ్డ కాదు, కాల్లో ముల్లు విరిగితే చుట్టూ ఆనె కట్టినట్టన్నమాట. గొట్టం మూతిని జిగురుతో మూసేస్తే సరి. సముద్రంలో అయితే ఇలా గూడు కట్టే పీతలు కూడా ఉంటాయట.

పెద్దదానికి మాత్రం రంధ్రం లేదు. పాలిపోయింది. మామూలు కొమ్మ మీద చుక్కలు చుక్కలుగా ఉండాల్సిన జీవులు దానిమీద అక్కడొకటి ఇక్కడొకటి. రాత్రిపూట మిగతావన్నీ చేతులు చాపి ఆడుతుంటే ఇది నున్నగా, బండలా ఉంది. పుస్తకాల్లో దీన్నే అసహజ పెరుగుదల అంటున్నారు. ఇలాంటి గడ్డ గురించి 1965లోనే 'సైన్స్' పత్రికలో రాశారు. అందులో నాచు తక్కువ, సున్నం గుల్ల, పెరుగుదల మాత్రం ఆత్రం. తను సంపాదించకుండా పక్క కొమ్మల తిండి తినేస్తుంది. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. పసిఫిక్, హిందూ మహాసముద్రాల్లో అక్రోపొరా, పొరైటిస్ అనే రెండు జాతుల మీద చేసిన పరిశోధన ఒకటి 2011లో వచ్చింది. తీరాన మనుషులు ఎక్కువున్న చోట పొరైటిస్ మీద ఈ గడ్డలూ ఎక్కువున్నాయని తేలింది. చదివి కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

మందు లేదు. గడ్డ అంచు దాటి, ఆరోగ్యంగా ఉన్న కొమ్మలోకి కాస్త వెళ్ళి కోసెయ్యాలి. కొమ్మను తొట్టి బయటికి తీసి చెయ్యాలి. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. ఇలాంటి తొట్లలో పెంచే జొయాంథిడ్ అనే మెత్తటి జాతుల్లో కొన్నింటికి పాలీటాక్సిన్ అనే భయంకర విషం ఉంటుంది. చిన్న గాయంలోంచి వెళ్ళినా, ఆవిరి పీల్చినా ఆసుపత్రి పాలే. పిల్లలున్న ఇల్లు మరీ జాగ్రత్త.

కోసేటప్పుడు నన్ను వీడియోలో ఉండమంది. "నువ్వుంటే ధైర్యం వదినా." కటక్‌మని శబ్దమైంది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. ఇటు నేనూ.

ఇది చదివి మనమూ ఒక తొట్టి పెడదామా అనుకునేవాళ్ళకు ఒక మాట. మన దేశంలో కుదరదు. 2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలు, సముద్రపు విసనకర్రలు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వీటికీ. అమ్మినా, కొన్నా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే. తీర్థయాత్రకు పోయినప్పుడు సముద్రం ఒడ్డున తెల్లటి పువ్వుల్లాంటి రాళ్ళు ఎవరైనా అమ్ముతుంటే షోకేసులోకి బాగుంటుందని తీసుకోకండి. అవి ఆ జంతువుల ఎముకలే.

నీళ్ళ పరీక్ష మాత్రం చేయించండి. తాగే నీళ్ళల్లో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా. ఈ లెక్కన సముద్రపు నీళ్ళల్లోనే 1.3 దాకా ఉంటుంది, విచిత్రం చూడండి! కాచి వడబోస్తే పోతుందనుకునేరు, పోదు సరికదా, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్.ఓ. యంత్రంతో చాలావరకు పోతుంది. అదీ ఫిల్టరు వేళకు మారిస్తేనే.

అమ్మమ్మ పోయి పదేళ్ళు దాటింది. ఆమె ఊళ్ళో బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టి మొన్న పరీక్షకు పంపాను. ఇంకా కాగితం రాలేదు. ఆ బోరు నీళ్ళు ఇప్పుడు తాగుతున్నది మా మేనమామ మనవలు.

నిన్న రాత్రి మరదలు మళ్ళీ ఫోను చేసింది. కోసిన చోట కొత్త చర్మం మూసుకుందట. సంతోషంగానే చెప్పింది. కాసేపు ఆగి, గొంతు తగ్గించి, "వదినా, వెనకవైపు కొమ్మ మీద పెసరగింజంత... వెలుతురు వల్ల అలా కనబడుతుందేమో. నువ్వొకసారి చూడవూ?" అంది.

కళ్ళద్దాలు వెతుక్కున్నాను.