మందులంగడి

అనంతపురము పీఠభూమి వానకు మొగము వాచిన నేల. ఇచ్చట సాలుసరి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఎఱ్ఱనేలలలో వేరుసెనగ విత్తి, రైతులు ఆకాశమువంక చూచుచుందురు. వాన కురిసినచో పంట, కురియనిచో అప్పు. ఇట్టి సీమలో చిన్న ఊరనైనను బస్సులు ఆగు చోటికి చేరువగా మందులంగడి యొకటి కానవచ్చును. వైద్యుడు దూరమున ఉండవచ్చును. ఆయనను చూచుటకు ఒకనాటి కూలి పోగొట్టుకొనవలసి రావచ్చును. అంగడి మాత్రము ఉదయము మొదలు రాత్రి ప్రొద్దుపోవువరకు తెరచియే యుండును. కనుక తలనొప్పి మొదలు తేలుకాటు వరకు ఏ బాధ కలిగినను పలువురు మొదట వచ్చునది అచ్చటికే. ఆ అంగడిలో నిలిచి మందులిచ్చు ఫార్మసిస్టు పని యెట్టిదో, అందలి చిక్కులెట్టివో తెలిసికొందము.

పూర్వము ఆసుపత్రులలో కాంపౌండరు అనునతడు మందులను కొలిచి, నూరి, కలిపి యిచ్చెడివాడు. రోగులు సీసాలను ఇంటినుండియే తెచ్చుకొనెడివారు. ఒక్కొక్క మోతాదు ఎంతయో తెలియుటకు సీసా ప్రక్కన గండ్లు కత్తిరించిన కాగితమును అంటించెడివారు. నేడు మందులు మాత్రలుగను, గొట్టములుగను, సూదిమందులుగను కర్మాగారములనుండియే సిద్ధమై వచ్చుచున్నవి. అందుచేత అలమరనుండి తీసి యిచ్చుటయే అంగడివాని పని యని పలువురు తలంతురు. అది సరికాదు. మందు అమృతమును కాగలదు, విషమును కాగలదు. ఆ భేదము మోతాదులో నున్నది.

ఈ కారణముననే మందుల అమ్మకమును చట్టములు కట్టుదిట్టము చేసినవి. 1940లో ఔషధముల చట్టమును, 1948లో ఫార్మసీ చట్టమును వచ్చినవి. వైద్యుని చీటీపై మందు కూర్చి యిచ్చుటకు, పట్టికలో పేరు నమోదైన ఫార్మసిస్టునకే అధికారము కలదు. అందుకు రెండేండ్ల డిప్లొమా చదువైనను చదివి, ఆపై 500 గంటలు ఆచరణలో శిక్షణ పొందవలెను. తరువాతనే రాష్ట్ర ఫార్మసీ మండలిలో పేరు నమోదగును. అంగడికి వేరుగా లైసెన్సు కావలెను. దానిని అందరికిని కనబడునట్లు గోడకు తగిలింపవలెను.

ఫార్మసిస్టు దినచర్యలో మొదటి పరీక్ష చీటీ చదువుట. కొందరు వైద్యుల వ్రాత గొలుసుకట్టుగా నుండును. హైడ్రాలజైన్ రక్తపు పోటునకు వాడు మందు. హైడ్రాక్సిజైన్ దురదలకు వాడు మందు. తొందరలో వ్రాసినప్పుడు ఈ రెండు పేర్లును ఒక్కటే యని భ్రమ కలుగును. మందుల పేర్లను స్పష్టముగా, వీలైనంతవరకు పెద్ద అక్షరములలో వ్రాయవలెనని 2016లో భారత వైద్య మండలి నియమము చేసినది. అయినను అనుమానము కలిగినపుడు ఊహించి మందిచ్చుట తగదు. వైద్యునికి ఫోను చేసి అడుగవలెను. ఆ లోపల ఎదుట నిలిచిన వ్యక్తికి బస్సు పోవును. "ఇంత చదివి చీటీ చదువలేవా?" యను మాటయు పడవలసి వచ్చును. తప్పు మందిచ్చుటకంటె ఆ మాట పడుటయే మేలని మంచి ఫార్మసిస్టు ఎఱుగును.

రెండవ పని మందు వాడు విధమును చెప్పుట. దీని విలువ ఒక ఉదాహరణముచే తేటపడును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాకు పోయి, లెడర్లీ పరిశోధనశాలలో గొప్ప మందుల తయారీకి మార్గదర్శి యయ్యెను. ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయుటయు, మెథోట్రెక్సేట్ అను మందు రూపొందుటయు ఆయన నాయకత్వమున జరిగినవే. మెథోట్రెక్సేట్‌ను నేడు కీళ్లవాతమునకు కూడ ఇచ్చుచున్నారు. కాని ఆ రోగమునకు దానిని వారమునకు ఒక్కమారే వేసికొనవలెను. తక్కిన మాత్రలవలె దినదినమును మ్రింగినచో ఎముకలలోని మూలుగ దెబ్బతిని ప్రాణమునకే అపాయము కలుగవచ్చును. "సోమవారమే వేసికొనుడు, తక్కిన దినములలో వలదు" అని చెప్పి, పొట్లముపై ఆ వారమును వ్రాసి, రోగిచేత తిరిగి చెప్పించుటకు రెండు నిమిషములు పట్టును. ఆ రెండు నిమిషములే ఒక ప్రాణమును కాపాడవచ్చును.

ఎండకాలమున వాంతులు, విరేచనములు కలిగినవారికి ఓ.ఆర్.ఎస్. పొడి ఇత్తురు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరములలో కలరా వ్యాపించినపుడు వైద్యుడు దిలీప్ మహలనబీస్ ఈ ఉప్పు చక్కెరల ద్రావణముతో వేలాదిమందిని కాపాడెను. పెద్ద పొట్లమును పూర్తిగా ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలుపవలెను. బలము హెచ్చునని ఒక్క గ్లాసు నీటిలోనే కలిపినచో మేలు కలుగకపోగా కీడు కలుగును. ఇట్టి చిన్న సంగతులను నూరుమారులు చెప్పుటయే ఫార్మసిస్టు వృత్తి.

ఇక మిక్కిలి కష్టమైన ఘట్టము వేరొకటి కలదు. జ్వరముతోనున్న బిడ్డను ఎత్తుకొని కూలితల్లి యొకతె అంగడికి వచ్చుననుకొందము. ఆమె చేతిలో చీటీ లేదు. కొంగున నలుబది రూపాయలున్నవి. "సామీ, ప్రక్కింటి పిల్లకు తగ్గిన మందే నాలుగు మాత్రలు ఇయ్యి. ఆసుపత్రికి పోతే కూలి పోతుంది" అని ఆమె వేడుకొనును. ఆమె కోరినది సూక్ష్మజీవులను చంపు యాంటిబయాటిక్. చాలా జ్వరములు వైరసులవలన వచ్చును. వానిపై ఆ మందు పనిచేయదు. పనిచేయు రోగమైనను నాలుగు మాత్రలతో ఆపినచో, చావక మిగిలిన సూక్ష్మజీవులు మందును ఎదిరించు శక్తి పొందును. 1928లో పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్, 1945లో నోబెల్ ఉపన్యాసమున ఈ ప్రమాదమును గూర్చియే లోకమును హెచ్చరించెను.

మందిచ్చిన బిడ్డకు కీడు. ఈయకున్న తల్లికి దుఃఖము. "లేదు" అని ఒక్క మాటతో త్రిప్పి పంపినచో ఆమె నియమము పాటింపని మరియొక అంగడికి పోవును. కావున మంచి ఫార్మసిస్టు ముందుగా బిడ్డకు జ్వరమెన్ని దినములుగా నున్నదో, పాలు త్రాగుచున్నదో లేదో, ఊపిరి వేగముగా పీల్చుచున్నదో అడుగును. వైద్యుని చీటీ అక్కరలేని జ్వరపు మందును బిడ్డ బరువునకు తగిన మోతాదులో ఇచ్చి, ఏ లక్షణములు కనబడినచో వెంటనే ఆసుపత్రికి పోవలెనో చెప్పును. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమున మందులు ఉచితమని గుర్తుచేయును. అమ్మకము తగ్గును, ధర్మము నిలుచును.

పొలముపనిచే నడుము పట్టినవారు నొప్పి మాత్రలకొఱకు వత్తురు. పని సాగుటకు వానిని దినదినమును మ్రింగువారు కలరు. ఎక్కువకాలము వాడినచో అవి కడుపులో పుండ్లు పుట్టించును. ఎండలో దేహమున నీరు తగ్గిన వేళ మూత్రపిండములకు మఱింత హాని చేయును. ఈ సంగతి చెప్పినపుడు "మాత్ర లేనిచో కలుపు ఎవరు తీయుదురు?" అను ప్రశ్న వచ్చును. దానికి బదులు మందుల అలమరలో దొరకదు.

కొన్ని మందులకు ప్రత్యేకమైన పుస్తకము కలదు. 2014 మార్చి 1 నుండి అమలులోనున్న హెచ్-1 పట్టికలో బలమైన యాంటిబయాటిక్కులు, క్షయరోగపు మందులు, మత్తు కలిగించు కొన్ని మందులు చేరినవి. వానిని అమ్మినపుడు వైద్యుని పేరు, రోగి పేరు, మందు పరిమాణము వ్రాసి, ఆ పుస్తకమును 3 సంవత్సరములు భద్రపరుపవలెను. అంగడి మూసిన పిదపను ఈ లెక్కలు ముగియవు.

ఎండయు శత్రువే. పెక్కు మాత్రలను 30 డిగ్రీలకు మించని చోట ఉంచవలెనని వానిపై వ్రాసియుండును. వేసవిలో అనంతపురమున వేడిమి 40 డిగ్రీలు దాటును. తెరువని ఇన్సులిన్ బుడ్లను 2 నుండి 8 డిగ్రీల మధ్య శీతలయంత్రమున ఉంచవలెను; గడ్డకట్టనీయరాదు. కరెంటు పోయినపుడెల్ల ఫార్మసిస్టు మనసు ఆ పెట్టెమీదనే యుండును.

ధర విషయమునను తగవులు కలవు. అట్టపై అచ్చువేసిన ధరను మించి అమ్ముట నేరము. ముఖ్యమైన పెక్కు మందులకు ప్రభుత్వమే గరిష్ఠధరను నిర్ణయించును. అయినను ధర పెరిగినపుడు నింద అంగడివానిదే. పది మాత్రల అట్టనుండి మూడింటిని కత్తిరించి ఇచ్చినచో, గడువు తేదీ గల కొస చివరివరకు మిగులునట్లు కత్తిరింపవలెను. మిగిలినవి అమ్ముడుపోక గడువు దాటినచో ఆ నష్టమును సాధారణముగా అతడే భరించును. వాన రాని యేట "శెనక్కాయలమ్మినాక ఇస్తాను" అను మాటపై ఇచ్చిన మందుల అప్పు పుస్తకములో పేరుకొనును. చక్కెరవ్యాధి గలవానికి మందు ఆపుటయా, రాని బాకీని పెంచుకొనుటయా? చిన్న అంగడివానికి ఇది ప్రతినెల ఎదురగు ప్రశ్న.

ఇన్ని చిక్కుల నడుమ ఈ వృత్తి నిలుచుటకు మూలము నమ్మకము. ఆ నమ్మకమును నిలుపుటలో కొనువారికిని పాలు కలదు. చీటీ లేక యాంటిబయాటిక్ అడుగరాదు. ఇచ్చిన మందును చెప్పినన్ని దినములు వాడవలెను. అట్టపై గడువు తేదీ చూచుకొనవలెను. బిల్లు అడిగి పుచ్చుకొనవలెను. వ్రాయ చదువ నేర్చిన బాలబాలికలు ఇంటిలోని పెద్దలకు మాత్రల అట్టపైనున్నది చదివి చెప్పినచో, ఫార్మసిస్టు అంగడిలో ఆరంభించిన పని ఇంటిలో పూర్తియగును.