వెదకు యంత్రము లేని వెదకులాట



గడచిన వేసవిలో మా మనుమరాలు విజయనగరమునుండి సెలవులకు మా గ్రామమునకు వచ్చినది. ఆ పిల్ల కళాశాలలో చదువుచున్నది. వచ్చిన మరునాడే వీధి యరుగుపై కూర్చుండి, చేతిలోని సెల్‌ఫోనును చూచుచు చిన్నబుచ్చుకొని యుండెను. ఏమమ్మా యని యడిగితిని. “తాతయ్యా, మా కళాశాలవారు ఒక పోటీ పెట్టినారు. కొన్ని ప్రశ్నలకు జవాబులను అంతర్జాలములోనే వెదకి పంపవలెనట. కాని గూగులును గాని, అటువంటి మరియొక వెదకు యంత్రమును గాని, అడిగినంతనే జవాబు చెప్పు కృత్రిమమేధను గాని ముట్టుకొనరాదట. బావి చూపించి చేద దాచిపెట్టినట్లున్నది” అని వాపోయినది.

ఆ పిల్లతో కూర్చుండి నేనును రెండు దినములు ఆ వెదకులాటలో పాల్గొంటిని. అందు నేను నేర్చినది మీకు విన్నవించుటకే ఈ ప్రసంగము.

ముందుగా వెదకు యంత్రమనగా నేమో చెప్పవలెను. 1989వ సంవత్సరమున జినీవా నగరము చెంతనున్న ఒక పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్ లీ అను నాంగ్లేయుడు, వేర్వేరు కంప్యూటర్లలోని పుటలను లంకెలతో ఒకదాని కొకటి ముడివేయు పద్ధతిని ప్రతిపాదించెను. ఒక పుటలోని మాటపై వ్రేలు మోపినచో ఆ మాటకు సంబంధించిన మరియొక పుట తెరచుకొనును. పుటలు కోట్లకొలది పెరిగిన పిమ్మట, కావలసినది ఎచటనున్నదో తెలియుట దుర్ఘటమైనది. అప్పుడు వెదకు యంత్రములు పుట్టినవి. గూగుల్ సంస్థ 1998లో ఏర్పడినది. ఈ యంత్రము మనమడిగినప్పుడు లోకమంతయు గాలించి వచ్చునని పలువురు తలంతురు. అట్లు కాదు. అది ముందుగానే లంకెలవెంట పుటపుటకు తిరిగి, ఏ మాట ఏ పుటలో నున్నదో పట్టిక వ్రాసి పెట్టుకొనును. మన మడిగినప్పుడు ఆ పట్టికను చూచి చెప్పును. పెద్ద గ్రంథముల చివర నుండు పదసూచిక వంటిదే యది; పరిమాణము మాత్రము ఊహకందనిది.

ఈ మాట మనుమరాలికి చెప్పుచుండగా నాకు చిన్ననాటి అమరకోశము జ్ఞప్తికి వచ్చినది. మా గురువుగారు దానిని కంఠస్థము చేయించినారు. శబ్దరత్నాకరము వంటి నిఘంటువులు అకారాది క్రమమున నడచును. మొదటి యక్షరము తెలిసిన చాలును, పదము దొరకును. అమరసింహుని క్రమము వేరు. స్వర్గవర్గము, కాలవర్గము, వారివర్గము, శైలవర్గము, వనౌషధివర్గము అని లోకమునందలి వస్తువులను వర్గములుగా పంచినాడు. చెట్టుపేరు కావలసినవాడు అక్షరమును వెదకడు, చెట్లున్నచోటికి పోవును. నానార్థవర్గమున మాత్రము తుది హల్లునుబట్టి కాంతములు, ఖాంతములు అని పేర్చినాడు. అనగా అక్షరమునుబట్టి వెదకుటయు, జాతినిబట్టి వెదకుటయు రెండును ఆ యొక్క గ్రంథముననే కలవు.

“అమ్మా, మీవారు నీ యొద్దనుండి అకారాదిని తీసివేసినారు, అంతియే. వర్గము మిగిలియే యున్నది. ఈ జవాబు ఏ జాతిది? దానిని ఎవరు వ్రాసి పెట్టియుందురు? అది మొదట ఆలోచింపుము” అంటిని. ఆ పిల్ల ఫక్కున నవ్వి, తెలుగు వికీపీడియాను తెరచి ఒక పుట యడుగుభాగమును చూపినది. అచట ‘వర్గం’ అను మాటయే వ్రాసియున్నది! 2003వ సంవత్సరమున మొదలైన ఆ విజ్ఞానసర్వస్వములో ప్రతి వ్యాసమును ఏదో యొక వర్గమున చేర్చుదురట. అమరసింహుడు సెల్‌ఫోనులో కనబడినట్లయినది నాకు.

ఇక ప్రశ్నలు. మొదటిది: కన్యాశుల్క నాటకము తొలిసారి ప్రదర్శింపబడిన సంవత్సర మేది? మనుమరాలు గురజాడ అప్పారావుగారి పుటనుండి నాటకపు పుటకు పోయి, 1897 అని వ్రాయబోయినది. “ఆగుము. అడిగినది ఆట సంగతి; నీవు చూచినది అచ్చు సంగతి” అంటిని. మరల చదువగా తేలినది. నాటకము విజయనగరమున 1892లో ఆడిరి, 1897లో అచ్చువేసిరి, మిక్కిలి మార్చి పెంచిన రెండవ కూర్పు 1909లో వెలువడెను. మూడు సంవత్సరములును నిజములే. ప్రశ్నకు తగినది ఒక్కటే.

రెండవది: రాజాము ఏ జిల్లాలోనిది? ఇది వినగానే నేను “శ్రీకాకుళము” అంటిని. పాఠశాలలో ఏండ్లతరబడి పిల్లలకు పటముపై చూపినవాడను గదా! ఒక పుటలోను అట్లే యున్నది. కాని మనుమరాలు ఊరకుండలేదు. ఆ పుట ఎప్పుడు వ్రాసినదో చూచినది, 2022కు పూర్వపుది. ఆ యేట ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగి, రాజాము విజయనగరము జిల్లాలో చేరినది. పాలకొండ పార్వతీపురము మన్యము జిల్లాలోనికి పోయినది. నేనెరుగని సంగతి కాదది; పత్రికలలో చదివినదే. కాని నాలుక పాత పాఠమునే యొప్పగించినది. పుటకు తేదీ యున్నట్లే మన జ్ఞాపకమునకును తేదీ యుండునని, అది తీరిపోవుననియు ఆనాడు నాకు మనుమరాలు నేర్పినది. గురువునని సిగ్గుపడలేదు, సంతోషించితిని.

మూడవ ప్రశ్న గడుసుది: గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాషను ఏ పుస్తకమునుండి నేర్చినారు? పంతులుగారు 1863లో మన శ్రీకాకుళ ప్రాంతమున పర్వతాలపేటలో జన్మించినారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిరి. పిల్ల రెండు గంటలు పుస్తకము పేరు వెదకినది, దొరకలేదు. దొరకదు, ఏలయన పుస్తకమే లేదు! సవరమును తెలుగును రెండును వచ్చిన మనిషి నొకనిని ఇంట నుంచుకొని, అతని నోట విని ఆయన ఆ భాష నేర్చినారు. పిదప తామే ఆ భాషకు వ్యాకరణమును, నిఘంటువును కూర్చిరి. వ్యాకరణము 1931లో అచ్చయినది. శ్రీముఖలింగ దేవాలయమందలి శాసనముల ప్రాచీనలిపిని గూడ ఆయన స్వయంకృషితోనే చదువ నేర్చినారు. అక్షరమునుబట్టి వెదకుట, వర్గమునుబట్టి వెదకుట అని రెండు త్రోవలు చెప్పితిని గదా! రెండును మూసుకొనిపోయినచోట మూడవ త్రోవ యిది: తెలిసిన మనిషియొద్దకు పోవుట.

పోటీలో మా పిల్లకు బహుమతి రాలేదు. జవాబులన్నియు సరియైనవే, కాని సరిచూచుకొనుటలో ఆలస్యమైనది. ముందుగా పంపినవారికి బహుమతి దక్కినది. పిల్లకు కొంత కష్టము తోచినది. “తొందరపడి 1897 అని పంపియుంటే?” అని యడిగితిని. కొంతసేపూరకుండి, “బహుమతి వచ్చెడిదేమో గాని, ఆ తప్పు నాతోనే యుండిపోయెడిది” అన్నది. ఆ మాటకు నేనే బహుమతి నిచ్చితిని.

వెదకు యంత్రము చెడ్డదని నేననను. పొలము దస్తావేజు సంగతి గాని, మందు సంగతి గాని, నిముషములో తెలిసికొన గలుగుట గొప్ప మేలే. కాని నేడు మన రచ్చబండమీద సెల్‌ఫోను లేని చేయి అరుదు. దానిలో వచ్చిన ప్రతి వార్తయు వేదవాక్యమని నమ్మి, పింఛనులు ఆగిపోవునని, ఫలానివారు చనిపోయిరని కంగారుపడుట చూచుచునే యున్నాము. అట్టిది వచ్చినప్పుడు మూడు మాటలడుగుడు: ఇది ఎవరు చెప్పిరి? ఎప్పుడు చెప్పిరి? వారి కెట్లు తెలిసినది? ఈ మూడింటికి బదులు లేని వార్తను ఇంకొకరికి పంపకుడు.

మరియొక మనవి. మీ యూరి చెరువును ఎవరు త్రవ్వించిరో, గట్టుక్రింది మళ్లకు ఆ పేర్లేల వచ్చినవో, గాలివాన యేటి కష్టము లెట్టివో మీలో పలువురకు తెలియును. అవి ఏ పుటకును ఎక్కలేదు. కనుక ఏ యంత్రమునకును దొరకవు. మీ మనుమలను పిలిచి, ఒక నోటుపుస్తకములో వ్రాయింపుడు. చెప్పినవారి పేరును, వ్రాసిన తేదీని మరువక వేయింపుడు. రేపు వెదకువారికి ఆ మూడు మాటలకును బదులు అందే యుండును.