అన్న పేరు మీద స్థలం, తమ్ముడి డబ్బు: సిడ్నీలో డ్యూటీ నోటీసు వస్తే ఏం చేయాలి?

ఈ ఎపిసోడ్‌కి కారణం సిడ్నీ నుంచి ఒక తమ్ముడు పెట్టిన మెయిల్. ఆయన డబ్బుతో స్థలం కొన్నారు, కానీ రిజిస్ట్రేషన్ అన్నయ్య పేరు మీద. తర్వాత అన్నయ్య "ఈ స్థలం నా తమ్ముడి కోసం ట్రస్ట్‌లో పెట్టుకున్నాను" అని డిక్లరేషన్ ఆఫ్ ట్రస్ట్ మీద సంతకం పెట్టాడు. అంతే, ఫుల్ డ్యూటీ కట్టమని అసెస్‌మెంట్ నోటీసు. అది అంది 41 రోజులు అయింది. నేను లాయర్‌ని కాదు, బీటెక్ చదివి కోడ్ రాసుకునేవాణ్ణి. కానీ చట్టం చదివితే అదీ ఇఫ్-ఎల్స్ లాగే ఉంది.

చేతులు మారింది ఏమీ లేదు కదా, డ్యూటీ ఎందుకు? న్యూ సౌత్ వేల్స్ డ్యూటీస్ యాక్ట్, 1997లో ట్రస్ట్ డిక్లరేషన్‌కి కూడా అమ్మకం మీద పడినట్టే డ్యూటీ పడుతుంది. అదీ స్థలం విలువ మీద. బ్యాంకు లోన్ ఉంది కదా, తీసేయండి అంటే తీసేయరు.

"ట్రస్ట్ ముందే ఉంది, మేం కాగితం మీద ఒప్పుకున్నాం అంతే" అనొచ్చా? బెనిడార్మ్ అనే కంపెనీ సరిగ్గా ఇదే వాదించి 2020లో అప్పీల్ కోర్టులో కూడా గెలిచింది. కానీ ప్రభుత్వం చట్టమే మార్చేసింది. 2022 మే 19 నుంచి అలా ఒప్పుకోవడం మీద కూడా డ్యూటీ ఉంది. బగ్ ఫిక్స్ చేసేశారన్నమాట! అందుకే ముందు మీ డాక్యుమెంట్ మీద తేదీ చూడండి.

ఇప్పుడు ఈ తమ్ముడికి పనికొచ్చేది సెక్షన్ 55. కొన్న డబ్బు అసలు కొనుగోలుదారుడే ఇచ్చి, టైటిల్ మాత్రం వేరొకరి పేరు మీద ఉంటే, ఫుల్ డ్యూటీ కాదు, చిన్న ఫిక్స్‌డ్ మొత్తం సరిపోతుంది. అన్నయ్య అప్పుగా సర్ది, తమ్ముడు తిరిగి కట్టినా దారి ఉంది. కానీ అది అప్పేనని చూపించాలి. మన ఇళ్లల్లో ఎక్కడ చిక్కంటే, అన్నదమ్ముల మధ్య కాగితం ఉండదు. "అన్నయ్య దగ్గర నోటు రాయించుకుంటామా?" అంటాం. ఇక్కడ నిరూపించాల్సింది మనమే, ఆఫీసు కాదు. కాబట్టి అడ్వాన్స్ నుంచి సెటిల్‌మెంట్ దాకా డబ్బు ఏ ఖాతా నుంచి వెళ్లిందో బ్యాంకు స్టేట్‌మెంట్లు, అప్పటి ఈమెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లు తీయండి. ఇవాళ కొత్తగా రాసిన ఉత్తరం కన్నా అప్పటి ఒక్క ట్రాన్స్‌ఫర్ ఎంట్రీ మేలు.

అబ్జెక్షన్‌కి గడువు నోటీసు అందిన దగ్గర్నుంచి 60 రోజులు. అంటే తమ్ముడూ, నీకు 19 రోజులే ఉన్నాయి. రాతపూర్వకంగా, కారణాలన్నీ వివరంగా పెట్టాలి. "అన్యాయం" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. స్థలం విలువ ఎక్కువ వేశారనిపిస్తే వాల్యుయర్ రిపోర్టు కూడా జత చెయ్యి. ఇంకోటి, అబ్జెక్షన్ పెట్టినా డబ్బు కట్టడం ఆగదు. ఆపితే వడ్డీ. గెలిస్తే తిరిగి వస్తుంది.

అబ్జెక్షన్ కొట్టేస్తే మళ్లీ 60 రోజుల్లో ఎన్‌క్యాట్ అనే ట్రిబ్యునల్‌కి గానీ, సుప్రీం కోర్టుకి గానీ వెళ్లొచ్చు. అక్కడ సుప్రీం కోర్టు అంటే రాష్ట్ర కోర్టు, ఢిల్లీది గుర్తు తెచ్చుకోకండి.

ఇది విని ఇండియాలో ఎవరి పేరు మీదో స్థలం కొనేయకండి. మన దగ్గర 1988 బినామీ చట్టం ఉంది, 2016లో ఇంకా గట్టి చేశారు. దాని మీద వేరే ఎపిసోడ్ చేస్తాను.