రిపోర్టు బాగుందని మాత్ర మానకండి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు నుండి వచ్చే పెద్దవాళ్లు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు: "కొవ్వు తగ్గిందని రిపోర్టు వచ్చింది కదా, ఇంకా మాత్ర ఎందుకు?"

తగ్గించింది ఆ మాత్రే. మానేస్తే కొన్ని వారాల్లోనే చెడు కొవ్వు, అంటే ఎల్‌డీఎల్, మళ్లీ పెరుగుతుంది. రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు దారి మూసుకుపోతే పక్షవాతం వస్తుంది. ముందుగా ఏ నొప్పీ ఉండదు. రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని ఒకసారి పక్షవాతం వచ్చినవారికి ఎల్‌డీఎల్ 70 లోపు ఉండాలి.

మాత్రతో కండరాల నొప్పులు వస్తే మీరే మానకుండా డాక్టరుకు చెప్పండి. బి.పి., షుగరు కూడా చూపించుకోండి.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పసరు మందు కోసం తిరగవద్దు. గడ్డను కరిగించే ఇంజెక్షనుకు గడువు నాలుగున్నర గంటలే. వెంటనే 108కు ఫోన్ చేయండి.