వల మానేసిన ఊరు

మెక్సికో వాయవ్యాన పసిఫిక్ అంచున పొడుగ్గా దిగిన బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం ఉంది. దాని దక్షిణ కొసకు దగ్గర్లో, కాలిఫోర్నియా గల్ఫ్ వైపు ఒడ్డున కాబో పుల్మో అనే చిన్న పల్లె ఉంది. ఉన్నవి కొద్ది కుటుంబాలే. ఊరు చేరాలంటే మట్టిరోడ్డు మీద వెళ్లాలి, ఇళ్లలో వెలిగేది సౌర విద్యుత్తు. ఊరి వెనక ముళ్ల పొదల ఎడారి, ముందు ఆ గల్ఫ్‌లో అరుదుగా కనిపించే పగడపు దిబ్బలు. 1980ల నాటికి ఇక్కడ చేపలు బాగా తగ్గిపోయాయి. పడవ ఇంకా దూరం పోవాల్సి వచ్చేది, వలలో పడే చేప ఏటికేడు చిన్నదయ్యేది. అదే కాలంలో లాపాజ్ నగరంలోని విశ్వవిద్యాలయం నుంచి పగడాలను పరిశీలించడానికి వచ్చిన పరిశోధకులు, నీటి అడుగున ఏం జరుగుతోందో ఊరివాళ్లకు చెప్పారు. తమ సముద్రానికి రక్షణ కావాలని ఊరివాళ్లే ప్రభుత్వాన్ని అడిగారు. 1995లో 7,111 హెక్టార్లు జాతీయ పార్కు అయింది. అందులో దాదాపు అంతా నీరే. సముద్రం కొలతల్లో ఇది చాలా చిన్న ముక్క, అయినా సముద్ర రక్షణ గురించి మనకున్న అనుమానాల్లో చాలావాటికి ఇక్కడ జవాబు దొరుకుతుంది.

1999లో పరిశోధకులు ఈ దిబ్బల మీద ఉన్న చేపల మొత్తం బరువును అంచనా కట్టినప్పుడు హెక్టారుకు 0.75 టన్ను తేలింది. అప్పటికి పార్కు పుట్టి నాలుగేళ్లయినా, గల్ఫ్‌లోని మిగతా చోట్లకూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 2009లో మళ్లీ లెక్కిస్తే 4.24 టన్నులు. అంటే పదేళ్లలో 463 శాతం పెరుగుదల. సొరచేపలు, పెద్ద గ్రూపర్ల వంటి వేటాడే చేపల బరువైతే 11 రెట్లయింది. 2011లో అచ్చయిన ఈ ఫలితాలు చాలామందిని ఆశ్చర్యపరిచాయి కానీ, కారణం తెలిస్తే అందులో మాయ ఏమీ లేదు. చేపకు వయసు పెరిగేకొద్దీ ఒళ్లు పెరుగుతుంది, ఒంటితో పాటు గుడ్ల సంఖ్య అంతకు మించి పెరుగుతుంది. ఒక పెద్ద తల్లిచేప పెట్టే గుడ్లు ఎన్నో చిన్న చేపలు కలిసి పెట్టేవాటితో సమానం. గ్రూపర్లు దశాబ్దాలు బతుకుతాయి, గుడ్లు పెట్టే కాలంలో ఏటా ఒకేచోట గుంపు కడతాయి. ఆ చోటు వేటగాడికి తెలిస్తే కొద్ది రోజుల్లోనే గుంపంతా ఖాళీ. అందుకే ఇలాంటి చేపలకు కావలసింది ముసలివయసు దాకా బతికే అవకాశం.

అయితే పార్కుగా ప్రకటించడం ఒక్కటే ఇంత పని చేసిందా? చేయలేదనడానికి అదే అధ్యయనంలో రుజువుంది. కాలిఫోర్నియా గల్ఫ్‌లో ఇతర రక్షిత ప్రాంతాలూ ఉన్నాయి. పదేళ్ల తర్వాత వాటిలో చేపల బరువు చెప్పుకోదగినంతగా పెరగలేదు. చట్టం అన్నిచోట్లా ఉంది, పాటించే మనుషులు మాత్రం అన్నిచోట్లా లేరు. కాబో పుల్మోలో చట్టం వేటను పూర్తిగా నిషేధించింది సుమారు 35 శాతం భాగంలోనే. ఊరివాళ్లు మిగతా చోటా వల మానేశారు. బయటి పడవ వస్తే చూసి ఆపేదీ వాళ్లే. నష్టం ఎవరిదో నిర్ణయం కూడా వారిదే కావడం ఈ పార్కు విజయానికి అసలు కారణమని నా అభిప్రాయం. పైనుంచి గీసిన గీతను రాత్రిపూట దాటడం తేలిక. తాము గీసుకున్న గీతకు ఊరంతా కాపలా ఉంటుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటుంది. ఇది కొద్దిమంది ఊరు, పగడాలు చూసేందుకు డబ్బిచ్చే పర్యాటకులు వస్తారు, అంత అదృష్టం వేలమంది వేటమీద బతికే తీరానికి ఎక్కడిది అంటారు. నిజమే, డైవింగ్ రాబడి లేకపోతే ఈ కథ ఇలా నడిచేది కాదు. కానీ ఆ రాబడి మొదటిరోజునే చేతికి రాలేదు. 1999 లెక్క చూపేది అదే. వల మానేసి నాలుగేళ్లయినా సముద్రం తిరిగి ఏమీ ఇవ్వని రోజులవి. ఆ మధ్యకాలాన్ని దాటించగల ఆసరా ఉంటే తప్ప ఏ ఊరూ ఇలాంటి పని చేయలేదు, చేయమనడం న్యాయమూ కాదు. ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటను ఆపి, ఆ రోజులకు మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం భృతి ఇవ్వడం వెనక ఉన్నదీ ఈ ఆలోచనే. ఆ విరామం గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడుతుంది, కానీ జూన్ 15న అదే చేప వలలో పడవచ్చు. కొంత చోటును ఏళ్ల తరబడి వదిలేస్తేనే చేపకు ముసలితనం దక్కుతుంది. రెండూ ఒకదానికొకటి పోటీ కావు.

చేప ఈదుకుంటూ సరిహద్దు దాటిపోతే 71 చదరపు కిలోమీటర్లు ఏం కాపాడతాయి అన్నది ఇంకో ప్రశ్న. దూరం తిరిగే సొరచేపలకు ఇది విడిది మాత్రమే. కానీ దిబ్బను అంటిపెట్టుకుని బతికే చేపలకు ఇంత చోటు సరిపోయిందని లెక్కలే చెబుతున్నాయి. నాకు ఎక్కువ భయం కలిగించేది నేల. పార్కు సరిహద్దు నీటిలో ఉంది, దాని వెనకున్న భూమి ఇతరుల చేతుల్లో ఉంది. పార్కుకు ఆనుకుని దాదాపు 30 వేల గదులు, గోల్ఫ్ మైదానాలు, పడవల రేవుతో కాబో కోర్టెస్ అనే పర్యాటక నగరం కట్టాలని ఒక స్పెయిన్ సంస్థ ప్రతిపాదించింది. ఎడారిలో అంతమందికి మంచినీళ్లెక్కడివి, అక్కడి మురుగు, మట్టి కొట్టుకొచ్చి పగడాల మీద పేరుకుంటే వాటి గతేమిటి అని ఊరూ, శాస్త్రవేత్తలూ, దేశవిదేశాల పర్యావరణ సంఘాలూ అడిగాయి. 2012 జూన్‌లో నాటి అధ్యక్షుడు ఫెలిపే కాల్డెరాన్ ఆ ప్రాజెక్టును రద్దు చేశారు. 2014లో దాదాపు అదే చోట కాబో డొరాడో పేరుతో మరో పెద్ద ప్రతిపాదన వచ్చింది, వ్యతిరేకత రావడంతో దాన్నీ వెనక్కి తీసుకున్నారు. ఆ భూమి కట్టడాలకు అనువుగా ఉన్నంతకాలం ప్రతిపాదనలు మళ్లీ వస్తాయి. పార్కు రక్షణ నీటితో పాటు ఆ వెనకనున్న నేలకూ, దాని భూగర్భ జలానికీ అందేలా చట్టం మారాలి. వల మానేసిన కుటుంబాలు తమ వంతు ఎప్పుడో చేశాయి, ఇక చేయాల్సింది ప్రభుత్వం.