పొగకూ రుసుమే

మన పెద్ద రోడ్ల మీద టోల్ గేటు చూశారు కదా. రోడ్డు మీద పోయే బండ్లకు అక్కడ డబ్బు కట్టాలి. ఇంగ్లండులోని లండన్ నగరంలో బండి వదిలే పొగకు కూడా డబ్బు కట్టాలి.

అక్కడ 2003లో నగరం నడిబొడ్డుకు వచ్చే కార్లకు రుసుం పెట్టారు. రద్దీ తగ్గాలని పెట్టారు. అప్పుడు రోజుకు 5 పౌండ్లు. 2020లో 15 పౌండ్లు అయింది. ఒక పౌండు అంటే మన వంద రూపాయల పైమాటే.

2019లో ఇంకో రుసుం వచ్చింది. ఇది ఎక్కువ పొగ వదిలే పాత బండ్లకు. రోజుకు పన్నెండున్నర పౌండ్లు. 2023లో లండన్ అంతటా పెట్టారు. అక్కడ గేటు ఉండదు. కెమెరాలే బండి నంబరు పట్టేస్తాయి.

బండ్లవాళ్లకు కోపం వచ్చింది. కొత్త బండి కొనే స్తోమత ఉంటే పాతది ఎందుకు నడుపుతాం అన్నారు. కొందరు కెమెరాలు విరగ్గొట్టారు. పాత కారు వదిలేస్తే 2,000 పౌండ్ల దాకా సాయం ఇచ్చారు. అది చాలదని చాలామంది గోల పెట్టారు.

మరి పొగ మాటేమిటి? ఎల్లా అనే పాప ఇల్లు లండన్‌లో పెద్ద రోడ్డు దగ్గరే. ఆమెకు ఉబ్బసం. 2013లో తొమ్మిదేళ్ల వయసులో చనిపోయింది. తల్లి ఊరుకోలేదు. ఏళ్ల తరబడి పోరాడింది. చెడిన గాలి కూడా ఆ చావుకు కారణమేనని 2020లో విచారణలో తేలింది.

పిల్లలకు మంచి గాలి కావాలి. పేదవాళ్ల పనీ ఆగకూడదు. ఈ రెండూ జరగాలంటే ఏం చేయాలి? అందరూ కూర్చుని మాట్లాడుకోండి.